స్థానబలిమి - మొసలి: గోదావరి డెల్టా నేపథ్యంలో ఘరియాల్ పరిరక్షణ చరిత్ర

వ్యాససంగ్రహం:

భారతదేశపు నదులలో మూడు జాతుల మొసళ్లున్నాయి. వాటిలో చేపలే ప్రధానాహారంగా బతికే ఘరియాల్ నేడు తీవ్రంగా అంతరించే స్థితిలో ఉంది. దాని సహజవ్యాప్తి దక్షిణాన మహానది దగ్గరే ఆగిపోయింది. గోదావరి దాని నది కాదు. అయినా ఘరియాల్ పరిరక్షణ చరిత్రకూ తెలుగునేలకూ సంబంధం ఉంది. ఆ చరిత్ర నేర్పిన పాఠాలు గోదావరికి, ముఖ్యంగా డెల్టాకు, వర్తిస్తాయి. ఘరియాల్ జీవలక్షణాలను, 1975 తరువాతి పరిరక్షణ ప్రయత్నాలను, గోదావరి పరీవాహకంలోని మొసళ్ల స్థితిని కలిపి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. వేమన పద్యం ద్వారా తెలుగువారికి పరిచితమైన 'స్థానబలిమి' అనే భావన ఈ పరిశీలనకు ఆధారసూత్రం.

కీలకపదాలు: ఘరియాల్, మొసలి, మకరం, గోదావరి డెల్టా, కోరింగ, పాపికొండలు, సత్కోసియా, పరిరక్షణ చరిత్ర.

1. ప్రవేశిక:

తెలుగువారి మనసులో మొసలి అనగానే మెదిలేది పోతన భాగవతం అష్టమస్కంధంలోని గజేంద్రమోక్షం. అక్కడ పాఠకుని సానుభూతి ఏనుగు పక్షాన ఉంటుంది. మొసలిది పట్టు విడువని శత్రువు పాత్ర. ఆ మొసలి పూర్వజన్మలో హూహూ అనే గంధర్వుడనీ, దేవలుని శాపంవల్ల ఆ రూపం పొందిందనీ, చక్రధారచేత దానికీ శాపవిముక్తి కలిగిందనీ కథలోనే ఉంది. జనస్మృతిలో మాత్రం ఈ రెండో మోక్షానికి చోటు తక్కువ. 'మొసలికన్నీరు' వంటి పలుకుబడి కూడా ఆ జంతువును కపటానికి ప్రతీకగానే నిలిపింది.

ఏ జంతువునైనా కాపాడాలనే ఆలోచన సమాజంలో కలగడానికి ఆ జంతువు గురించి సమాజం చెప్పుకున్న కథలు కూడా కొంత కారణమవుతాయి. పులికి రాజసం దక్కింది. ఏనుగుకు దైవత్వం దక్కింది. మొసలికి దక్కింది భయం. అందువల్ల గోదావరి నదీముఖం నుంచి మొసలి కనుమరుగైన క్రమానికి చరిత్ర రచనలో దక్కిన చోటు స్వల్పం. డెల్టా చరిత్ర అంటే ఆనకట్ట, కాలువలు, వరి, తుఫానులు అన్న క్రమమే స్థిరపడింది. నదిలోని జీవుల వైపు నుంచి ఆ చరిత్రను చూడవలసిన అవసరం ఉంది.

2. పదాలలో మొసలి:

'మొసలి' ద్రావిడపదం. తమిళంలో ముతలై, కన్నడంలో మొసళె, మలయాళంలో ముతల దీని సజాతీయరూపాలు. దక్షిణాది నదులలో ఈ జంతువుతో మనిషికి ఉన్న పరిచయం ఎంత పాతదో ఈ పదసామ్యమే చెబుతుంది. సంస్కృతం నుంచి తెలుగులోకి మకరం, నక్రం, గ్రాహం, కుంభీరం వంటి పదాలు వచ్చాయి. అమరకోశం నక్రాన్ని, కుంభీరాన్ని పర్యాయపదాలుగా చెప్పింది. మకరాన్ని శిశుమారాదులతో కలిపి వేరుగా పేర్కొన్నది. అంటే ప్రాచీన నిఘంటుకారుని దృష్టిలో మకరం, నక్రం ఒకటి కావు. కావ్యభాషలో మాత్రం ఈ భేదం చెరిగిపోయి, గజేంద్రుని పట్టిన జంతువును మకరి అన్నా, నక్రమన్నా, మొసలి అన్నా ఒకే అర్థం స్థిరపడింది.

శిల్పంలో మకరం మరొక దారి పట్టింది. గంగకు, వరుణునికి వాహనమై, ఆలయాల తోరణాలపై తొండం, చేపతోక, మొసలిదంతాలు కలిసిన మిశ్రరూపం ధరించింది. కనుక మకరశిల్పం కనిపించిన ప్రతిచోటా ఫలానా జాతి మొసలి ఉండేదని నిర్ణయించడం శాస్త్రీయం కాదు. శిల్పం సంప్రదాయాన్ని అనుసరిస్తుంది, ఆ ఊరి నదిని కాదు.

ఇక ఆధునిక జాతినామాలలో రెండింటికి దేశీయ మూలాలున్నాయి. మంచినీటి మొసలికి వాడే 'మగ్గర్' అనే పేరు మకరశబ్దభవమైన హిందీ 'మగర్' నుంచి వచ్చింది. 'ఘరియాల్' అనే పేరులోని 'ఘరా' అంటే కుండ. ఇది సంస్కృత 'ఘట' శబ్దానికి వికృతి. తెలుగులోని 'ఘటం' దానికి తత్సమరూపం. ప్రౌఢ మగ ఘరియాల్ ముట్టె చివర కుండవంటి బుడిపె పెరగడం ఈ పేరుకు కారణం. కుంభీరపదంలోనూ 'కుంభ' శబ్దం స్ఫురిస్తుంది. అయితే అది ధ్వనిసామ్యం మాత్రమే. దాని ఆధారంగా కుంభీరమే ఘరియాల్ అని నిర్ధారించడం సాధ్యం కాదు. తెలుగులో ఈ జంతువుకు ప్రత్యేకమైన దేశ్యపదం వాడుకలో లేదు, అరువుపదమే వ్యవహారంలో ఉంది. సహజవ్యాప్తి మహానది దగ్గర ఆగిపోయిన వాస్తవంతో ఈ పదశూన్యత చక్కగా పొసగుతుంది.

3. ఘరియాల్ జీవలక్షణాలు - స్థానబలిమి:

నీటిలో ఉన్న మొసలి ఏనుగును సైతం లాగగలదనీ, అదే నీరు దాటి బయటికి వస్తే కుక్కచేత భంగపడుతుందనీ వేమన చెప్పాడు. ఇదే భావం పంచతంత్రంలోనూ ఉంది. బలం జీవిలో లేదు, జీవి ఉన్న చోటులో ఉన్నదనే ఈ సూత్రం నీతిగా చెప్పిందే అయినా, ఆధునిక జీవావరణశాస్త్రం చెప్పే ఆవాసభావనకు చాలా దగ్గరగా ఉంది. మొసళ్లలో ఈ సూత్రం అక్షరాలా వర్తించేది ఘరియాల్‌కే.

గేవియాలిస్ గాంజెటికస్ అనే శాస్త్రీయనామం గల ఈ జంతువు ప్రపంచంలోని పొడవైన మొసళ్లలో ఒకటి. మగవి 5 మీటర్లకు మించి పెరిగిన సందర్భాలున్నాయి. ఆడవి అంతకంటె చిన్నవి. ముట్టె సన్నగా, పొడవుగా ఉంటుంది. నోటిలో నూరుకు పైగా సూదివంటి పళ్లు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. సన్నని ముట్టె నీటిలో తక్కువ ప్రతిఘటనతో పక్కకు కదులుతుంది. జారే చేపను ఆ పళ్లు బిగించి పట్టుకుంటాయి. పెద్ద జంతువును పట్టి చీల్చే నిర్మాణం ఆ దవడలకు లేదు. మనుషులను వేటాడే జంతువుగా దీనికి అంటిన భయానికి ఆధారం లేదు. చేపలవేటలో దానికి వరమైన ఈ ముట్టే మత్స్యకారుల వలలలో శాపమవుతుంది. పళ్లు వలకన్నులలో చిక్కుకుంటే నీటిపైకి వచ్చి ఊపిరి తీసుకోలేక ఘరియాల్ మునిగి చనిపోతుంది.

ప్రౌఢ ఘరియాల్ నేలమీద దేహాన్ని పైకెత్తి నడవలేదు. పొట్టను ఇసుకపై ఈడ్చుకుంటూ కదులుతుంది. కనుక అది నీటి అంచును వదిలి దూరం పోదు. చెరువు ఎండితే మరో చెరువుకు నేలమీద నడిచిపోయే మగ్గర్‌కూ దీనికీ ఉన్న ముఖ్యభేదం ఇదే. ఘరియాల్‌కు ప్రవహించే లోతైన నీరు, ఎండకాచుకోవడానికీ గుడ్లు పెట్టడానికీ ఎత్తయిన ఇసుకతిన్నెలు, సమృద్ధిగా చేపలు కావాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా దాని బతుకు సాగదు.

సంతానోత్పత్తి కూడా నది ఋతుచక్రంతో ముడిపడి ఉంది. శీతకాలంలో జతకట్టి, మార్చి, ఏప్రిల్ నెలలలో ఇసుకతిన్నెలలో గొయ్యి తవ్వి గుడ్లు పెడుతుంది. మొసళ్లన్నింటిలోనూ దీని గుడ్లే పెద్దవి. ఒక్కో గూటిలో సాధారణంగా 30 నుంచి 50 గుడ్లుంటాయి. గూటిలోని వేడినిబట్టి పిల్లలు ఆడవో మగవో నిర్ణయమవుతుంది. వానలకు కొంచెం ముందుగా, జూన్ ప్రాంతంలో పిల్లలు బయటికి వస్తాయి. తల్లి గూటికి కాపలా ఉంటుంది. పుట్టిన పిల్లలు గుంపుగా చేరితే వాటి దగ్గర పెద్ద మగ ఘరియాల్ కూడా కావలి ఉండడం చంబల్ నదిలో గమనించారు. ఎండకాలంలో నీరు తగ్గి తిన్నెలు తేలడం, వానలకు ముందే పిల్లలు పుట్టడం అనే ఈ క్రమం వేల ఏళ్ల నదీగమనానికి అనుగుణంగా ఏర్పడింది. ఎండకాలంలో జలాశయం నుంచి ఒక్కసారిగా నీరు వదిలితే ఆ గూళ్లన్నీ మునిగిపోతాయి.

4. క్షీణత - చట్టం - హైదరాబాదు:

ఒకప్పుడు సింధు, గంగ, బ్రహ్మపుత్ర, మహానది వ్యవస్థలలో ఘరియాల్ విస్తరించి ఉండేది. 1940లలో వాటి సంఖ్య 5,000 నుంచి 10,000 వరకు ఉండేదని అంచనా. చర్మంకోసం వేట, గుడ్ల సేకరణ, వలలలో మరణాలు, ఆనకట్టలు, తిన్నెలపై సాగు, ఇసుక తవ్వకాలు కలిసి ఆ జాతిని దెబ్బతీశాయి. 1970ల నాటికి దేశంలో రెండువందలకంటె తక్కువ మిగిలాయని అంచనా వేశారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మూడు మొసలి జాతులకూ మొదటి షెడ్యూలులో స్థానం కల్పించింది. 1974లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిపుణుడు హెచ్. ఆర్. బస్టర్డ్ దేశంలోని మొసళ్ల స్థితిని పరిశీలించాడు. ఆ సూచనల ఆధారంగా 1975లో కేంద్రప్రభుత్వం మొసళ్ల పరిరక్షణ పథకాన్ని ఒడిశాలో ప్రారంభించింది. అడవి గూళ్ల నుంచి గుడ్లు సేకరించడం, వాటిని రక్షిత కేంద్రాలలో పొదిగించడం, పిల్లలను సుమారు 1.2 మీటర్ల పొడవు వచ్చేదాకా పెంచడం, ఆపై అభయారణ్యాలుగా ప్రకటించిన నదీభాగాలలో వదలడం ఈ పథకంలోని వరుస. ఘరియాల్ కోసం మహానదిపై టికర్‌పడ, ఉప్పునీటి మొసలి కోసం భితర్కనిక తొలి కేంద్రాలయ్యాయి. 1980లో భువనేశ్వర్ సమీపంలోని నందన్‌కానన్‌లో బంధనస్థితిలో ఘరియాల్ తొలిసారి పిల్లలను పొందింది.

ఈ చరిత్రలో తెలుగునేల పాత్ర హైదరాబాదు ద్వారా నమోదయింది. పథకంలో భాగంగా కేంద్ర మొసళ్ల సంవర్ధన, నిర్వహణ శిక్షణ సంస్థను హైదరాబాదులో నెలకొల్పారు. వివిధ రాష్ట్రాల అటవీ ఉద్యోగులకు గూళ్ల గుర్తింపు, గుడ్ల రవాణా, పొదుగుదల, పిల్లల పోషణ వంటి విషయాలలో అక్కడ శిక్షణ ఇచ్చారు. ఘరియాల్ సహజంగా లేని దక్కనులోని నగరం ఘరియాల్‌ను కాపాడే విద్యకు ఒక కేంద్రమైంది. మంజీర వంటి స్థానిక నదులలో మగ్గర్ పరిరక్షణ సాగింది కూడా ఈ కాలంలోనే.

5. ఒకే పథకం - రెండు ఫలితాలు:

1975లో ఒకే రాష్ట్రంలో, ఒకే పద్ధతిలో మొదలైన రెండు ప్రయత్నాల ఫలితాలు భిన్నంగా వచ్చాయి. ఈ భేదమే పరిరక్షణ చరిత్రలో అత్యంత విలువైన సాక్ష్యం.

భితర్కనికలో 1970ల మధ్య నాటికి వందలోపు ఉన్న ఉప్పునీటి మొసళ్లు 2020 తరువాతి గణనలలో 1,700 దాటాయి. అక్కడి మడ అడవులు, ఉప్పుటేరులు, గూళ్లు కట్టే గడ్డిభూములు రక్షణలో నిలిచాయి. వదిలిన పిల్లలకు చోటు దొరికింది. అవి పెరిగి తామే గూళ్లు కట్టాయి.

మహానదిలో సత్కోసియా గండి ప్రాంతంలో వందలాది ఘరియాల్ పిల్లలను ఏళ్ల తరబడి వదిలారు. నిలిచినవి బహుకొద్ది. ఎగువన 1957 నుంచి హీరాకుడ్ జలాశయం ప్రవాహక్రమాన్ని మార్చింది. గండికి దిగువన చేపలవేట సాగింది. వరదలకు కొట్టుకుపోయిన పిల్లలు రక్షితభాగం దాటి వలలలో పడ్డాయి. నాలుగు దశాబ్దాలకు పైగా నిరీక్షణ తరువాత, 2021లో గాని అక్కడ సహజంగా పుట్టిన పిల్లలు కనిపించలేదు. పిల్లలను పెంచి ఇవ్వగలిగిన మనిషి నదిని మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాడు.

చంబల్ దీనికి మరొక పార్శ్వం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లకు సరిహద్దుగా పారే ఆ నదిలో రక్షితభాగం సుదీర్ఘమైనది. నేడు ప్రపంచంలోని ఘరియాల్‌లలో అత్యధికం అక్కడే ఉన్నాయి. అయినా 2007 డిసెంబరు నుంచి 2008 తొలినెలల వరకు అక్కడ నూరుకు పైగా ఘరియాల్‌లు చనిపోయాయి. కళేబరాల పరీక్షలో మూత్రపిండాలు దెబ్బతిని గౌట్ వచ్చినట్లు తేలింది. ఆహారం ద్వారా చేరిన విషపదార్థాలపై అనుమానం నిలిచింది. 2007లోనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఘరియాల్‌ను తీవ్రంగా అంతరించే స్థితిలోని జాతిగా ప్రకటించింది. జాతి మొత్తం ఒకే నదిని నమ్ముకొని ఉంటే ఆ నదికి వచ్చే ఒక్క కీడు చాలునని ఈ ఘటన నిరూపించింది.

6. గోదావరి - గండి నుంచి కయ్యల వరకు:

ఈ అనుభవాలను గోదావరికి అన్వయిస్తే కొన్ని సాదృశ్యాలు స్పష్టపడతాయి. మహానది సత్కోసియా వద్ద తూర్పుకనుమలను చీల్చుకొని వచ్చినట్లే, గోదావరి పాపికొండల వద్ద చీల్చుకొని వస్తుంది. మహానది సమీపంలోని భితర్కనికలో మడ అడవులున్నట్లే, గౌతమీపాయ సముద్రంలో కలిసేచోట కోరింగ మడ అడవులున్నాయి. తూర్పుతీరంలో ఈ రెండు నదులూ ఒకే రకమైన ప్రకృతిని నిర్మించాయి. భితర్కనికలో మొసలి నిలిచింది. కోరింగలో నిలవలేదు.

ఉప్పునీటి మొసలి ఒకప్పుడు తూర్పుతీరం పొడవునా నదీముఖాలలో జీవించింది. నేడు భారతదేశంలో అది స్థిరంగా సంతానోత్పత్తి చేసే ప్రాంతాలు భితర్కనిక, సుందరవనాలు, అండమాన్ నికోబార్ దీవులు మాత్రమే. 1978లో అభయారణ్యమైన, సుమారు 235 చదరపు కిలోమీటర్ల కోరింగ ఆ జాబితాలో లేదు. అయితే అక్కడ చేపలను నమ్ముకొన్న ఇతర జీవులు మిగిలాయి. నీటికుక్కలు, బావురుపిల్లులు కోరింగకు నేటి గుర్తింపు. చేపలున్నచోట వాటిని తినే జంతువు నిలవగలదనడానికి ఇవి సాక్ష్యం. మడ అడవుల అంచున నేల వాడకం మారిన కొద్దీ ఈ సాక్ష్యమూ బలహీనపడుతుంది.

డెల్టా రూపురేఖలను మార్చిన ప్రధానఘటన ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో మొదలై 1852లో పూర్తయిన ఆ నిర్మాణం కరవుతో కుంగిన సీమను అన్నపూర్ణగా మార్చింది. ఈ మేలును తక్కువచేసే చరిత్ర సత్యదూరమవుతుంది. అదే సమయంలో, ఆనకట్ట నదిని ఎగువగా దిగువగా విడదీసింది. సముద్రం నుంచి ఎదురీదివచ్చి గోదావరిలో గుడ్లు పెట్టే పులసకు దారి ఇరుకైంది. పులస కరవును రుచి తెలిసిన గోదావరివాసులు వెంటనే గమనించారు. పులసలాగే నదీగమనంపై ఆధారపడిన ఇతర జీవుల కరవును గమనించినవారు తక్కువ. తినే చేపకు ఉన్న చరిత్ర, చేపను తినే జంతువుకు లేకపోయింది.

ఎగువన పరిస్థితి కొంత భిన్నం. గోదావరి ఉపనది మంజీరపై 1978లో, మంథని సమీపంలో గోదావరిపై శివారంలో 1987లో ఏర్పడిన అభయారణ్యాలు మగ్గర్‌కు ఆశ్రయమిచ్చాయి. మగ్గర్ చెరువులోనూ, జలాశయంలోనూ, నదిలోనూ బతకగలదు. చేపతోపాటు పక్షులను, చిన్న జంతువులను తినగలదు. ఈ సర్దుబాటుగుణమే దానిని నిలబెట్టింది. ఘరియాల్‌కు లేనిది ఇదే. అందువల్ల 'గోదావరిలో మొసళ్లున్నాయి కనుక నది క్షేమంగా ఉన్నది' అనే వాదం నిలవదు. జలాశయంలో బతకగల జీవి మిగలడం, ప్రవహించే నది మిగలడం ఒకటి కావు. పాపికొండలకు దిగువన పోలవరం జలాశయం నిర్మాణంలో ఉన్న ఈ దశలో ఈ వివేచన మరింత అవసరం. గండిలోని ప్రవాహం నిలువనీరుగా మారితే సర్దుకోగల జాతులు సర్దుకుంటాయి. సర్దుకోలేనివి ఏవో ముందే గుర్తించి నమోదు చేయడం పరిశోధకుల బాధ్యత.

ఇసుక విషయంలోనూ ఇదే పోలిక కనిపిస్తుంది. గోదావరి లంకలు, తిన్నెలు సాగుభూములుగా, ఇసుకరేవులుగా మనిషికి ఉపయోగపడ్డాయి. ఘరియాల్ నదులలో గూళ్లున్న తిన్నెలపై పుచ్చ, దోస సాగు, ఇసుక తవ్వకాలు ప్రధాన ముప్పులుగా గుర్తింపు పొందాయి. గోదావరి తిన్నెలపై ఘరియాల్ గూళ్లు లేకపోవచ్చు. తాబేళ్లు, నేలపై గుడ్లు పెట్టే నదీపక్షులు ఉన్నాయి. తిన్నెను కేవలం నిర్మాణసామగ్రిగా లెక్కించే దృష్టి వాటన్నింటినీ ఒకేసారి లెక్కలోంచి తీసివేస్తుంది.

పరిరక్షణ భారం ఎవరిపై పడుతుందన్న ప్రశ్న కూడా ఈ చరిత్రలో ఉంది. వలలు నిషేధిస్తే నష్టపోయేది నదిని నమ్ముకొన్న మత్స్యకార కుటుంబం. ఆనకట్ట ఫలం అందుకొన్న ఆయకట్టు రైతుకూ, ఇసుక కొన్న నగరానికీ ఆ భారంలో వాటా పడలేదు. ఘరియాల్ మత్స్యకారునికి పోటీదారు అనే భావన వెనుక ఉన్న అసలు విషయం చేపలు తగ్గడం. చేపలు తగ్గిన నదిలో ఇద్దరూ ఓడిపోతారు. మత్స్యకారుని జీవనాన్ని విస్మరించిన రక్షణ వలలను దాచిపెట్టిస్తుందే గాని, నీటిలోంచి తీసివేయించలేదు.

7. ముగింపు:

• ఘరియాల్ సహజవ్యాప్తి మహానది వరకే పరిమితం కనుక దానిని గోదావరిలో ప్రవేశపెట్టాలనే ఆలోచనకు చారిత్రకాధారం లేదు. గోదావరికి చెందిన మగ్గర్, ఉప్పునీటి మొసలి చరిత్రలే ఇక్కడ పరిశోధనకు విషయాలు.

• మకరశిల్పాలు, కావ్యవర్ణనలు సమాజభావనకు సాక్ష్యాలు. జంతువ్యాప్తికి వాటినే ప్రమాణంగా తీసుకోరాదు.

• భితర్కనిక, సత్కోసియా ఫలితాల మధ్య భేదం, జీవుల సంఖ్య పెంచడం కంటె ఆవాసం నిలపడమే నిర్ణాయకమని చూపుతుంది.

• కోరింగ మడ అడవులు, పాపికొండల గండి, లంకల తిన్నెలు విడివిడి ప్రాంతాలు కావు. ఎగువ ప్రవాహం, దిగువ ఉప్పునీరు, మధ్య ఇసుక కలిసిన ఒకే నదీవ్యవస్థగా వాటి పరిరక్షణ సాగాలి.

• పడవవారి, మత్స్యకారుల మౌఖికకథనాలలో, స్థలనామాలలో మొసలి ప్రస్తావనలను సేకరించి గ్రంథస్థం చేయడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని. ఆ తరం గడిచిపోతే ఆ ఆధారం కూడా గడిచిపోతుంది.

వేమన మొసలిని చెప్పింది మనిషికి వినయం నేర్పడానికి. తన చోటు వదిలితే బలవంతుడూ దుర్బలుడేనన్నది ఆ బోధ. ఘరియాల్ తన చోటు వదలలేదు. దాని చోటే దానిని వదిలిపోయింది. గోదావరిలో ఇంకా మిగిలిన జీవుల విషయంలో ఈ వాక్యం రాయవలసిన అవసరం రాకుండా చూసుకోవడానికి ఇప్పటికీ వ్యవధి ఉంది.